గుర్రం మీద చోటు

దిల్‌సుఖ్‌నగర్ చీరల దుకాణంలో రజితది నిలబడి చేసే పని. కుర్చీలున్నది కొనేవాళ్లకు. పోచంపల్లిలో ఆమె తండ్రి మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని, బతుకంతా కూర్చునే నేశాడు. ఆ ఇంట్లో పుట్టి ఈ పనికి వచ్చినందుకు ఆమెకు అప్పుడప్పుడు నవ్వొచ్చేది. ఈ మధ్య అదీ రావడం లేదు.

మంగళవారం సెలవు. ఆ సాయంత్రం అల్మాస్‌గూడలోని ఆమె గదిలో ఆట. పక్క పోర్షన్‌లో ఉండే ఉదయలక్ష్మి కథ చెబుతుంది. రజిత, ఎల్‌బీ నగర్‌లో ఆటో నడిపే తన తమ్ముడు నరేష్‌కుమార్ ఆ కథలో మనుషులై, ఏం చేస్తారో చెబుతారు. అనుమానం ఉన్నచోట పాచిక వేస్తారు. కోటలూ రాక్షసులూ ఉన్న లోకం. మొదటి రోజే నరేష్ కత్తి కోరుకున్నాడు. రజిత గుర్రం అడిగింది. ఎందుకని ఎవరూ అడగలేదు. అప్పటినుంచి ఆ లోకమంతా ఆమె కూర్చునే తిరిగింది.

ఈసారి నిధి వెతుకుతూ వెళితే కోట నేలమాళిగలో ఒక ముసలామె కనిపించింది. సంకెళ్లలో ఉంది. కాళ్లు చచ్చుబడిపోయాయి.

"సంకెళ్లు తెంచొచ్చు," అంది ఉదయలక్ష్మి. "కానీ గుర్రం ఒక్కరినే మోస్తుంది. ఈవిడని ఇంటికి చేర్చేసరికి దాని పని అయిపోతుంది. ఇంకో గుర్రం ఈ రాజ్యంలో దొరకదు అక్కా. ఆలోచించుకో."

"ఏం ఆలోచన లేదు," అన్నాడు నరేష్. "నిధి దిక్కు పోదాం జల్ది."

"ముసల్దాన్ని గట్లనే ఇడిసిపెడ్తవార?"

"పొద్దంత నిలవడి కాళ్లు గుంజుతున్నయని నువ్వే ఏడుస్తవ్. గీడ గూడ నడుస్తవా?"

వాడన్నది నిజమే. ముసలామె లేదు. ఆ మాటకొస్తే గుర్రమూ లేదు. కానీ అది తనది.

"పోదాం తియ్," అంది రజిత.

ఉదయలక్ష్మి కథ ఆపలేదు. ముసలామె గొంతు పెట్టి, "అమ్మా, కాస్త చోటుందా?" అని అడిగింది.

"రా అమ్మా, కూసో," అంది రజిత.

దుకాణం గడప ఎవరు తొక్కినా ముందు అనవలసిన మాట అది. అడిగిన చీర ఉన్నా లేకున్నా, ఒంట్లో ఓపిక ఉన్నా లేకున్నా అనాలి. ఏళ్ల అలవాటు, నోరు తనంతట తానే అనేసింది.

నరేష్ పగలబడి నవ్వాడు. "ఇంకేంది మరి, ఓ బ్లౌజ్ పీస్ గూడ ఇయ్యి!"

"పొరపాటున అన్నావులే," అంది ఉదయలక్ష్మి. "నేను లెక్కలోకి తీసుకోను. ఇప్పుడు చెప్పు, ఏం చేస్తావు?"

రజిత అరికాలు ఒత్తుకుంది. దుకాణంలో ఆ మాట విన్న మనిషి ఎవరైనా కూర్చుంటారు. కూర్చోమని లేపేయడం ఆమె ఎరగదు. మంచితనమని కాదు, పని అలాంటిది. కానీ ఇవాళ సెలవు. ఇవాళ వద్దనొచ్చు. అనడానికి నోరు తెరిచింది. ముసలామె ఈపాటికి గోడ పట్టుకుని లేవబోతూ ఉంటుందనిపించింది.

"కూసోమన్న గద," అంది. "కూసోనీ."

"గుర్రం పోతదక్కా! మల్ల రాదు."

"ఎరికే. లొల్లి పెట్టకుంట సంకెళ్లు తెంపు."

నరేష్ పాచిక వేశాడు. సంకెళ్లు తెగాయి. ఇద్దరూ చెరో చెయ్యీ వేసి ముసలామెను గుర్రమెక్కించారు. ఎక్కాక ఆమె, తన ఊరు నిధి దిక్కున కాదనీ, వచ్చిన దారినే వెనక్కి, కొండల అవతల అనీ చెప్పింది. నరేష్ తల పట్టుకున్నాడు.

"ఎంత దూరం?" అని అడిగింది రజిత.

"చాలా దూరం అక్కా," అంది ఉదయలక్ష్మి.

రజిత మంచం మీద కాళ్లు బారచాపి, గోడకు ఒరిగి, కళ్లు మూసుకుంది.

"నడుస్తున్న," అంది.