పాట ఆపి అడిగే అవ్వ

పక్కింటి అవ్వ పోయింది. మర్నాడే బోధన్‌లోని మా వాడకట్టు ఆడవాళ్ళంతా అరుగు మీద బీడీల చాటలు ముందేసుకుని కూర్చున్నారు. తప్పు పట్టను, చెయ్యి ఆడకపోతే పూట గడవదు. కానీ ఫోన్లో పాట మీద పాట ఆగకుండా మోగుతుంటే నాకు ఒళ్ళు మండింది.

అవ్వ ఉండగా ఏ పాటా అలా మోగలేదు. ఆ అరుగు మీద ఆమె పెట్టిన కట్టుబాటు ఒకటుండేది. పాట పెట్టినవాళ్ళే దాని అర్థం చెప్పాలి. చెప్పాకే ఇంకో పాట. తునికాకు కత్తిరిస్తున్న కత్తెర ఆపి, "ఆపు బిడ్డా, గా మాటకేమర్థం?" అనేది. తెలియదంటే ఊరుకునేది కాదు.

"తెల్వకుండనే తలకాయ ఊపుతున్నవా? గంగిరెద్దువా నువ్వు?"

బడి మానేసి బీడీలకు కూర్చున్న నాకు ఎవరూ చదువు చెప్పలేదు. ఆమెకు జవాబు చెప్పలేక ఫోన్లో మాటల అర్థాలు వెతికాను, పొట్లం కట్టిన కాగితాలు కూడా చదివాను. ఈ నాలుగు ముక్కలు రాయడం అలా వచ్చిందే. అవ్వకు అక్షరం రాదు. ఆమె చెప్పే అర్థాలు సగం తప్పులే. అయినా ఏ మాటనూ ఊరికే పోనిచ్చేది కాదు.

కార్ఖానాలో బీడీలు అప్పజెప్పి వస్తూ సినిమా పోస్టర్ల దగ్గర నిలబడేది. నేను చదవాలి. ఒకసారి పేరంతా ఇంగ్లీషే, రాసింది మాత్రం తెలుగు అక్షరాల్లో.

"గదేం పేరే? పేరంటే పిలిస్తే పలకాలె."

అక్కడున్న కాలేజీ పోరగాళ్ళు నవ్వారు. "నవ్వుండ్రి. టికెట్టు కొనేది మీరు గదా, మీకన్న చెప్పిండ్రా?" అంది. వాళ్ళకూ తెలియదు.

ఒక్క పాట దగ్గర మాత్రం ఇద్దరం ఆగిపోయాం. అందులో పిల్ల ఊరు విడిచి పోతూ తన నీడను గడప దగ్గరే వదిలేసి పోతుంది.

"మనిషి పోతే నీడెట్లుంటదే? అబద్ధం."

"కవిత్వం అవ్వా."

"అయితే మాత్రం? సూసినోడుండాలె గదా!"

మర్నాడు తనే జవాబు తెచ్చింది. "పొద్దు నెత్తిమీదున్నప్పుడు పోయుంటది. గప్పుడు ఎంట నీడ కనవడది. ఇంట్లనే ఇడిసిపోయిందనుకున్నరు పిచ్చోళ్ళు."

నేను ఒప్పుకోలేదు.

"సరే తియ్, రేపు సూద్దాం" అంది. తెల్లారేసరికి జ్వరం. మళ్ళీ అరుగు మీదికి రాలేదు.

దినాలయ్యాక ఆమె కొడుకు సున్నం బకెట్టుతో వచ్చాడు. అవ్వ కూర్చునేచోట, గోడ మీద, తల ఆనినంత మేర నల్లటి నూనె మరక. దాని కింద వీపు రాసుకుని మాసిన గోడ. కూర్చున్న మనిషంత.

"అన్నా, గిది ఉండనియ్."

"మరకనే గదా చెల్లె. ఏం జేస్కుంటవ్?"

"ఉండనియ్యమన్న గదా!"

వీధి వినేలా అరిచాను. అతను నా మొహం చూసి బ్రష్షు పక్కకు జరిపాడు.

ఇప్పుడు గోడంతా తెల్లగా ఉంది, అంత మేర తప్ప. దానికెదురుగా చాట పెట్టుకుని కూర్చుంటున్నాను. నీడ పాట వస్తే, ఆ మాట దగ్గర నేనే ఆపుతాను. "ఏమైందే?" అంటారు పక్కవాళ్ళు. గోడ దిక్కే చూస్తాను. అరుగు మీద ఎండ జరుగుతుంటుంది. గోడ మీది ఆ మరక జరగదు.