తాళం తీసినా ఆగని ఇంజను

ఎనిమిదో తరగతిలో నేను బడికి దండం పెట్టేశాను. బడి కూడా నాకు అంతకంటే ముందే దండం పెట్టిందనుకోండి. ఆ తర్వాత నా చదువంతా చూలై పేటలో, మామ మెకానిక్ షెడ్డులో. మామ అంటే మేనమామ కాదు, షెడ్డు మేస్త్రి. ఆ వీధిలో అందరికీ మామే. పొడవాటి స్క్రూడ్రైవరు కొసను ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని జబ్బేదో చెప్పేస్తాడు. నేనేమో బండిలోని కంప్యూటరుకు స్కానరు తగిలించి, అది చూపిన నంబర్లు చదివి డాక్టరులా మొహం పెట్టేవాణ్ణి.

నీళ్ల క్యాన్లు వేసే అక్క ఒకామె తన పికప్‌ను మా దగ్గరే బాగు చేయించేది. తానే నడుపుతుంది, తానే క్యాన్లు దించుతుంది. వానల్లో రోడ్డు మీది నీళ్లు బండిలోకి వచ్చి కంప్యూటరు పెట్టె తడిసింది. అప్పట్నుంచి బండి నడివీధిలో చెప్పాపెట్టకుండా ఆగిపోయేది. పెట్టె మార్చాం, సెన్సర్లు మార్చాం. పది రోజులు బుద్ధిగా ఉండేది, మళ్లీ అలిగేది.

“ఈ వారం కూడా బండి లేకపోతే నా లైను వేరేవాడికి పోతాది మామా,” అంది అక్క. “అంగళ్లోళ్లు ఎన్నాళ్లు నీళ్లు లేకుండా ఉంటారు?”

“కంప్యూటరే లేని ఇంజను పెట్టేస్తే?” అన్నాడు మామ.

“అప్పుడది బండా మామా, పిండి మిషనా?” అన్నాను.

“నోరు మూసుకొని ఆ ఇంజనెత్తే చైను లాగరా!”

కాగితాల్లో ఇంజను మార్పు రాయించే పని అక్క తన మీద వేసుకుంది. అంబత్తూరులో తుక్కుకు పోయిన పాత వ్యానులోంచి మేం ఇంజను తెచ్చాం. గేర్‌బాక్సుకు అది అతకలేదు. మధ్యలో వేయడానికి మందపాటి ఇనుప పలకను లేత్ మీద కోయించాం. నాలుగో రోజు మధ్యాహ్నానికి పైపుల్లోని గాలి తీసి, డీజిలు చిమ్మేదాకా స్టార్టరు తిప్పి, నట్లు బిగించాం. అక్క ఎక్కి తాళం తిప్పింది. ఇంజను రెండుసార్లు దగ్గింది, నల్లగా ఊదింది, అందుకుంది. షెడ్డు రేకులు గలగలమన్నాయి.

“చాలు, ఆపేస్తా,” అంటూ అక్క తాళం తీసేసింది.

ఇంజను ఆగలేదు.

తాళం ఆమె చేతిలో ఉంది, బండి దడదడలాడుతూనే ఉంది. నాకు తెలిసిన ఇంజన్లన్నీ కరెంటు పోతే కన్ను మూసేవే. ఒక్క ఉరుకున వెళ్లి బ్యాటరీ వైరు పీకేశాను. అయినా అదే దడదడ. వైరు చేత్తో పట్టుకుని బొమ్మలా నిలబడిపోయాను. గాలి తానే పీల్చుకుంటోంది, డీజిలు తానే తోడుకుంటోంది, ఆ గాలిని నలిపి నలిపి మంట తానే పుట్టించుకుంటోంది. ఎవరి అనుమతీ అక్కర్లేదు దానికి.

మామ పగలబడి నవ్వాడు. “దానికి కరెంటు చదువు లేదురా. నీ మాదిరే బడి మానేసినోడు!” అని, పంపు పక్కన డీజిలును ఆపే చిన్న మీటను బొటనవేలితో నొక్కాడు. ఇంజను నిట్టూర్చి ఆగింది. ఆ మీటకు తీగ తగిలించి సీటు దాకా లాగాలి. ఆ పని మామే మరిచిపోయాడు.

“ప్రతి అంగడి ముందరా దిగి బానెట్టు ఎత్తాలనా మామా నేను?” అంది అక్క.

నా మోటార్‌సైకిల్ క్లచ్ తీగ ఊడదీసి ఇచ్చాను. మామ దాన్ని మీటకు కట్టి, కొసన గుండీ పెట్టి, అక్క మోకాలి పక్కకు లాగాడు. ఆమె గుండీ లాగింది, ఇంజను ఆగింది. తాళం తిప్పింది, లేచింది. మళ్లీ లాగింది. మళ్లీ తిప్పింది. ఈసారి ఆపకుండానే ఫోను తీసి ఒక అంగడబ్బాయికి చేసింది.

“తమ్ముడూ, రేపు పొద్దున నీళ్లు నేనే తెస్తా. వేరే ఎవురికీ ఆర్డరు చెప్పొద్దు... ఏందీ? గట్టిగా చెప్పు, వినపళ్లా... ఆ మోతా? నా బండే!”