యోర్డి పక్కన కూర్చున్న మనిషి

మా బేస్‌బాల్ టీమ్‌లో కుర్రాళ్లకు బంతి విసరడం నేర్పే కోచ్ లీలాండ్ వాస్. గుప్పెడు పొద్దుతిరుగుడు గింజలు నోట్లో పోసుకున్నాడంటే ఇక పలకడు. తిట్టడం చేతకాని మనిషి. అమెరికాలో అయోవా రాష్ట్రంలోని మా ఊళ్లో ఆ గుణానికి విలువ లేదు. జూలైకల్లా మేం పట్టికలో అట్టడుగుకు జారాం. ఇంకొక్క మ్యాచ్ ఓడితే మూటాముల్లె సర్దుకోమని మేనేజర్ ప్రూయిట్ అందరి ముందే అతనికి చెప్పేశాడు.

ఆ మధ్యాహ్నం విసురుతున్నది డొమినికన్ కుర్రాడు యోర్డి. తొమ్మిదింట ఏడు ఇన్నింగ్స్ అయినా అవతలివాళ్లలో ఒక్కడూ వాడి బంతిని కొట్టి మొదటి మజిలీ, అదే బేస్, చేరలేదు. చివరిదాకా అలాగే నిలిస్తే అది ఏ కొద్దిమందికో దక్కే ఘనత. మాకున్నది ఒకే పరుగు ఆధిక్యం. ఇలాంటప్పుడు విసిరేవాడితో మాట్లాడకూడదు, పక్కన కూర్చోకూడదు. దిష్టి కొడుతుందని మా ఆటలో నమ్మకం. మావాళ్లు బ్యాటింగ్ చేస్తున్నంతసేపూ బెంచీ ఆ చివర వాడు, ఈ చివర ఊపిరి బిగబట్టి మేం.

వాస్ మాత్రం వాణ్ణే చూస్తున్నాడు. కుడిచేతివాటం కుర్రాడు నీళ్లసీసా మూత ఎడమచేత్తో తిప్పుతున్నాడు. వాస్ లేచాడు.

"ఏయ్ ముసలోడా, కూర్చో! కొంప ముంచుతావా?" ప్రూయిట్ పళ్లు కొరికాడు.

వాస్ వెళ్లి యోర్డి పక్కనే కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. చేతికందింది నోటికందకుండా చేస్తున్నాడు కదా అని.

"పిడికిలి పట్టు నాయనా."

"ఏం లేదు కోచ్. ఇంకో ఆరుగురు ఔటైతే అయిపోతుందిగా. వదిలెయ్."

"పట్టమన్నానా?"

యోర్డి పట్టబోయాడు. చిటికెన వేలూ, దాని పక్క వేలూ ముడుచుకోలేదు.

వాస్ నేరుగా ప్రూయిట్ దగ్గరికొచ్చాడు. "వేళ్లు ముడుచుకోవట్లేదు. వాడి మోచేతి నరం పోతోంది. మార్చు."

"మారిస్తే మ్యాచ్ పోద్ది. నీ ఉద్యోగం కూడా."

"పోనీ."

ప్రూయిట్ తిట్టుకుంటూనే యోర్డిని దించాడు. జనం వాస్ మీద అరిచారు. వాడి బదులు వచ్చినవాడి రెండో బంతినే అవతలివాళ్లు బలంగా బాదారు. ఉన్న ఆధిక్యం పోయి, చివరికి ఓడిపోయాం. వాస్ తన అల్మారా ఖాళీ చేసుకుంటుంటే ఒక్కడూ వీడ్కోలు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆ కోపమంతా ఐసు బకెట్లో చెయ్యి పెట్టుకున్న యోర్డి మీదకు మళ్లింది.

"నొప్పి ఎప్పట్నుంచి?"

"నాలుగో ఇన్నింగ్స్ నుంచి."

"అప్పుడే చెప్పి ఏడవచ్చుగా?"

వాడు తలెత్తాడు. "ఎవరికి చెప్పను, అన్నా? నేను చూసినప్పుడల్లా మీరంతా మొహాలు తిప్పేసుకున్నారు."