నాన్న నోట మిగిలిన భాష

దంతెవాడ కాలేజీలో నేను పాతకాలపు కథానికలు చెబుతాను, హిందీలో. మలుపు ఎలా పుడుతుందో వివరించడానికి నేనే ఒక చిన్న కథ అల్లుకున్నాను. ఏరు పొంగుతుందేమోనని ఒక రైతు ధాన్యమంతా గుట్ట మీది కొట్టానికి చేరుస్తాడు. ఏరు పొంగదు, కొట్టం కాలిపోతుంది. పిడుగు పడి కాలితే అది దురదృష్టం. ఎలుకలు రాకుండా తనే పెట్టిన దీపం వల్ల కాలితే అది కథ. మనిషి దేన్ని కాపాడుకోవాలని పాటుపడ్డాడో, ఆ ప్రయత్నమే దాన్ని పోగొట్టాలి. దీన్ని హిందీలో విడంబన అంటారు. తెలుగులో ఆ మాట వింటే వెక్కిరింత అనిపిస్తుంది గానీ, ఇందులో వెక్కిరించేవాళ్ళెవరూ ఉండరు.

ఎన్నోసార్లు చెప్పిన పాఠమే. మా ఇంట్లో జరిగినప్పుడు మాత్రం వెంటనే పోల్చుకోలేకపోయాను.

నాన్నది శ్రీకాకుళం దగ్గర పల్లెటూరు. రైల్వేలో గార్డుగా ఇక్కడికి దగ్గరి గనుల ఊరు కిరండూల్ వచ్చాడు. కొత్తలో ఆయన హిందీ విని తోటివాళ్ళు నవ్వేవారట. ఆ అవమానం పిల్లలకి ఉండకూడదని, ఇంట్లో హిందీ తప్ప ఇంకో మాట వినపడకూడదన్నాడు. అమ్మకి సంతలో బేరమాడేంత హిందీయే వచ్చు. నాన్న డ్యూటీకి వెళ్ళాక నాతోనూ అన్నయ్యతోనూ తెలుగులో తెగ మాట్లాడేది. ఆయన గుమ్మంలో అడుగుపెట్టగానే గమ్మున వంటింట్లోకి పోయేది.

నాన్న కోరుకున్నదే అయింది. మేమిద్దరం హిందీలో చదివి ఉద్యోగాలు తెచ్చుకున్నాం. అన్నయ్య గనుల్లో చేరి రాయపూర్ అమ్మాయిని చేసుకున్నాడు. వాళ్ళ కూతురికి తెలుగు ముక్క రాదు. నాన్నకి అదొక గర్వం. రిటైరై అన్నయ్య దగ్గర చేరాక ఆయన లోకమంతా ఆ పిల్లే.

మొన్నటి వానాకాలంలో నాన్నకి పక్షవాతం వచ్చింది. కొన్నాళ్ళు మాట లేదు. తర్వాత వచ్చింది, తెలుగులో. అదీ మేమెప్పుడూ ఆయన నోట వినని పల్లె తెలుగు. హిందీలో మేం చెబితే తల ఊపేవాడు, తిరిగి చెప్పబోతే నోరు ఆగిపోయేది. కొందరికి చిన్నప్పటి భాషే ముందు తిరిగొస్తుందని, మిగతాది వస్తుందో రాదో చెప్పలేమని డాక్టరు అన్నాడు.

ఇంటికి తెచ్చిన రోజు మనవరాలు మంచం దిగకుండా ఆయన పక్కనే కూర్చుంది.

"గొంతెండిపోతంది. నీల్లియ్యే," అన్నాడు నాన్న ఆ పిల్లతో.

అది మేనత్తనైన నా వైపు తిరిగి, "బువా, దాదాజీ ఏమంటున్నారు?" అని హిందీలో అడిగింది.

నాన్న గోడవైపు ముఖం తిప్పుకున్నాడు. నేను క్లాసులో చెబుతూ వచ్చినది ఇదేనని అప్పుడు తట్టింది. కథైతే అక్కడితో ఆగిపోతుంది. మాకు ఆ సాయంత్రం ఆయనకి జావ పట్టాల్సిన పని ఉంది, మర్నాడు ఒళ్ళు తుడవాల్సిన పని ఉంది.

ముందు కదిలింది అమ్మే. మంచం పక్కన పీట వేసుకుని, ఆయన అన్నదల్లా తన సంత హిందీలో పిల్లకి చెప్పడం మొదలుపెట్టింది. పిల్ల తెలుగు మాట కూడా అడిగి నేర్చుకునేది.

ఒకరోజు జావ చల్లారబెడుతూ అమ్మ అంది: "ఇన్నాళ్ళూ నా నోరు కట్టేసినారు. ఇప్పుడు మీ మాట పిల్లకి సేరాలంటే నా నోరే కావలసొచ్చింది."

"అవునే," అన్నాడు నాన్న. వంకరపోయిన మూతితోనే నవ్వాడు. అమ్మ నవ్వలేదు, చెంచా అందించింది.

ఇప్పుడు నాన్నకి హిందీ కొంచెం కొంచెం తిరిగొస్తోంది. పక్క క్వార్టర్ వాళ్ళు పలకరిస్తే రెండు మాటలు చెబుతాడు. మనవరాలితో మాత్రం తెలుగే.

పోయిన ఆదివారం వెళితే పిల్లే తలుపు తీసింది.

"అత్తా, ఇప్పుడొచ్చినావేటి? తాత తొంగున్నాడు," అంది, అచ్చం ఆయన యాసలో.

లోపలి నుంచి అన్నయ్య, ఎవరొచ్చారని హిందీలో కేకేశాడు.

"అరవకు నాన్నా, తాత లేచిపోతాడు," అంటూ నా చేతిలో సంచీ అందుకుంది.