తరైవిని రాళ్ళు

ఫిజీ తీరంలో సముద్రం వెనక్కి తగ్గే ఆటు వేళయితే చాలు, తరైవిని బుట్ట తీసుకుని పగడపు దిబ్బ మీదికి దిగేది. నత్తల కోసం రాయి లేపి, ఏరుకుని, మళ్ళీ ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టేది. రాతి అడుగున బొటనవేలంత మగచేప పొట్టతో రాయిని కరుచుకుని గుడ్లకు కాపలా కాస్తుంటుంది. చేత్తో లాగినా వదలదు. మరిది అపిసాయి మాత్రం గడ్డపారతో రాళ్ళు వెల్లకిలా తిప్పేసి పోయేవాడు. ఎండకు మాడిన చేపల్ని, గుడ్లని చూసి ఆమె పళ్ళు కొరుక్కునేది. అడిగితే, "చేపకేం వదినా, వేరే కొంప చూసుకుంటుంది!" అని నవ్వాడు.

ఒక ఆదివారం అపిసాయి అత్తవారి ఊరి నుంచి పదిహేనుమంది వచ్చారు. కాల్చిన రాళ్ళ గుంటలో పందిని ఉడకడానికి పెట్టి, ఆకులూ మన్నూ కప్పి అందరూ చర్చికి వెళ్ళారు. తరైవిని ఒంట్లో బాగాలేదని ఉండిపోయింది. వాళ్ళు తిరిగొచ్చేసరికి గుంట నోరు తెరుచుకుని ఉంది. రాళ్ళు చల్లారిపోయాయి, పచ్చి పంది మీద ఈగలు ముసురుతున్నాయి.

"ఎవడ్రా ఈ పని చేసింది?" అని అపిసాయి చుట్టాల ముందే గావుకేక పెట్టాడు.

తరైవిని గడప మీద కూర్చుని తాపీగా విసురుకుంటోంది.

"నేనే. మూత తీశాను, మళ్ళీ పెట్టలేదు. పందికేం మరిదీ, వేరే గుంట చూసుకుంటుంది!"