గుమ్మం ముందు చెప్పులు

ఉదయం ఏడుంపావుకి ఆఫీసుకి వెళ్దామని తలుపు తీస్తే, నా భార్య చెప్పుల మీద ఒక కాగితం కనబడింది. జర్మనీలో మా ఫ్లాట్ కింద ఉండే పెద్దావిడ రాసింది. మెట్ల దగ్గర చెప్పులు ఉంచకూడదట, తీసేస్తే సంతోషమట. చివర నవ్వు మొహం బొమ్మ కూడా గీసింది. రోజూ మెట్ల మీద ఎదురుపడి పలకరించే మనిషికి ఈ మాట నోటితో అనడానికి ఏం అడ్డం వచ్చింది?

నా భార్య పోయి నాలుగు నెలలయింది. ఆ సంగతి ఆవిడకి తెలుసు. అప్పుడూ తలుపు కింద నుంచి ఒక కార్డే తోసింది.

చోడవరంలో మా అమ్మ టీకి నీళ్లు పెట్టే ముందు గుమ్మంలో చెప్పుల జతలు లెక్కపెట్టేది. ఎందరొచ్చారని ఎవర్నీ అడిగేది కాదు. కోడలిగా వచ్చి నా భార్యా అదే నేర్చుకుంది, ఇక్కడా అదే చేసేది.

చోడవరంలో ఉన్న చెల్లికి ఫోన్ చేసి చెప్పాను.

"మన గుమ్మంలో సెప్పులు ఇడవడానికి కూడా పర్మిషనేటి అన్నయ్యా?"

"మెట్లు అందరివీ అంట."

"మరి ఎవరు తుడుస్తారేటి?"

"వంతులు. ఈ వారం నాదే."

"బావుంది. తుడవడానికేమో నీ మెట్లు, సెప్పులకేమో ఆవిడ మెట్లు."

సాయంత్రం కిందకి వెళ్లి, ఆ చెప్పులు ఎవరివో ఆవిడకి చెప్పాను. ఆవిడ కళ్లు తుడుచుకుంది. చాలా బాధగా ఉందంది. రేపటికల్లా తీసేస్తారు కదా అని కూడా అంది.

తీసి బీరువాలో పెట్టాను. మా ఇంట్లో టీకి ముందు ఇప్పుడెవరూ చెప్పులు లెక్కపెట్టరు.