బెంగకి ఇంగ్లీషు మాట

నిన్న మా పాప స్కూల్లో గోడకి అంటించిన చార్టు చూశాను. గుండ్రటి ముఖాల కింద హ్యాపీ, శాడ్, యాంగ్రీ, అఫ్రెయిడ్ అని రాసి ఉంది. గుంటూరు హాస్టల్లో మన ఆరో తరగతి గోడ మీదా అలాంటిదే ఉండేది, గుర్తుందా? పక్క మిర్చి గోడౌన్ ఘాటుకి దాని కింద కూర్చుని అందరం తుమ్ముతుండేవాళ్లం.

నేను పొదిలి నుంచి వచ్చి అప్పటికి వారం. తెలుగులో మాట్లాడకూడదని రూలు. ఒకరోజు మధ్యాహ్నం అన్నం ముట్టకుండా కూర్చుంటే ఇంగ్లీషు మేడమ్ వచ్చి ఏమైందని అడిగారు. చార్టులోని మాటలన్నీ తలుచుకున్నాను. ఏదీ సరిపోలేదు. చివరికి "ఐ యామ్ అఫ్రెయిడ్" అన్నాను.

"ఎవరంటే భయం? ఎవరన్నా కొట్టారా?" మేడమే తెలుగులోకి వచ్చేశారు.

"భయం కాదు మేడమ్. అమ్మ మీద బెంగగా ఉంది."

మేడమ్‌ది సింగరాయకొండ, అదే మొదటి ఉద్యోగం.

"నాకూ మా అమ్మ మీద అలాగే ఉందే. ఉండు, ఇద్దరం తిందాం" అని కంచం తెచ్చుకుని నా పక్కన కూర్చున్నారు.

మర్నాడు బోర్డు మీద హోమ్‌సిక్ అని రాశారు. అందరం నోట్సులో ఎక్కించుకున్నాం. "ఇంటి మీద బెంగ" అని అర్థం చెప్పగానే వెనక బెంచీలో ఒకమ్మాయి ఏడుపు మొదలుపెట్టింది. తర్వాత ఇంకొకమ్మాయి. మేడమ్ ఎవరినీ ఆపలేదు. ఆ పీరియడంతా కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు.